తప్పు ఒకచోట, శిక్ష బ్యాటరీకి

కారులో కరెంటు వ్యవహారమంతా ఐదు వస్తువుల మీద నడుస్తుంది. కరెంటును నిల్వ ఉంచే బ్యాటరీ, దాన్ని పుట్టించే ఆల్టర్నేటర్, ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు, వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటర్, వీటన్నిటినీ కలిపే వైర్లు. ఐదింటిలో ఏది చెడినా చివరికి బయటపడే లక్షణం ఒకటే. ఒక ఉదయం తాళం తిప్పితే సెల్ఫ్ తిరగదు. టిక్కుటిక్కుమని చప్పుడు వస్తుంది. డ్యాష్‌బోర్డు దీపాలు మసకబారతాయి. చూసినవాళ్లందరూ ఒకే మాట అంటారు: బ్యాటరీ పోయింది. చాలాసార్లు ఆ మాట నిజమే. ఇంకా చాలాసార్లు అది సగం నిజం. బ్యాటరీ దిగిపోయిందన్నది కంటికి కనబడే సంగతి. ఎందుకు దిగిపోయిందన్నది కనిపెట్టాల్సిన సంగతి. మొదటిది తెలిసిన వెంటనే కొత్త బ్యాటరీ కొనేసి, రెండోదాన్ని అలాగే వదిలేయడం వల్లే కొన్ని కార్లు ఏడాదికో బ్యాటరీ మింగుతాయి.

ఈ వ్యవస్థను ఇంటి జమాఖర్చులాగా చూస్తే సులువుగా అర్థమవుతుంది. బ్యాటరీ ఇంట్లో దాచిన సొమ్ము. ఆల్టర్నేటర్ రోజువారీ సంపాదన. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు, రేడియేటర్ ఫ్యాను, వైపర్లు, మ్యూజిక్ సిస్టమ్ ఇవన్నీ ఖర్చు. బండి నడుస్తున్నంతసేపూ ఖర్చు సంపాదనలోంచే వెళ్లాలి. మిగిలింది నిల్వకు చేరాలి. దాచిన సొమ్ము మాయమైందంటే మూడే కారణాలు: దాచిన పెట్టెకే చిల్లు పడి ఉండాలి, సంపాదన తగ్గి ఉండాలి, లేదా ఎవరి కంటా పడని ఖర్చేదో రాత్రిపూట సాగుతూ ఉండాలి. ఛార్జింగ్ దోషాలు చాలావరకు ఈ మూడింటిలో ఏదో ఒకదాని కిందికి వస్తాయి. పెట్టె మార్చినంత మాత్రాన మిగతా రెండు కారణాలూ తీరవు.

ఈ వస్తువులు కారులోకి ఒకేసారి వచ్చి చేరలేదు. సీసపు పలకల బ్యాటరీని ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లోనే తయారుచేశాడు. అయినా కార్లు పుట్టిన చాలాకాలం దాకా ఇంజన్‌ను ముందునుంచి హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవాళ్లు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన సెల్ఫ్ స్టార్టర్ 1912 కాడిలాక్ కార్లలోకి వచ్చాక బ్యాటరీ తప్పనిసరి అయింది. బ్యాటరీ వచ్చాక దాన్ని నింపే యంత్రమూ కావాలి. ఆ పని మొదట్లో డైనమో చేసింది. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు డైనమో దాదాపు ఏమీ ఇవ్వలేదు. పుట్టిన కరెంటంతా బ్రష్‌ల గుండానే బయటికి రావాలి గనుక ఎక్కువ కరెంటు తీయడమూ కష్టమే. ఏసీ కరెంటును డీసీగా మార్చే సిలికాన్ డయోడ్లు చవగ్గా దొరకడం మొదలయ్యాక ఆల్టర్నేటర్‌కు దారి దొరికింది. 1960లో క్రైస్లర్ సంస్థ తన వాలియంట్ కారులో దాన్ని మామూలు వినియోగదారుల దాకా తెచ్చింది. ఆల్టర్నేటర్‌లో బ్రష్‌ల మీదుగా పోయేది అయస్కాంతాన్ని నిలిపే కొద్దిపాటి కరెంటు మాత్రమే. అసలు ఉత్పత్తి కదలని తీగచుట్టల్లో జరుగుతుంది. ఇంజన్ ఒక చుట్టు తిరిగేలోగా పుల్లీ ఆల్టర్నేటర్‌ను రెండు మూడు చుట్లు తిప్పుతుంది. పాత అంబాసిడర్లతో డైనమోలు వెళ్లిపోయి చాలాకాలమైనా మన ఆటోనగర్లలో ఆల్టర్నేటర్‌ను ఇప్పటికీ డైనమో అనే పిలుస్తారు. పేరు పాతదైనా ఫర్వాలేదు. డైనమో కాలం నాటి పరీక్షలు మాత్రం నేటి కార్లకు పనికిరావు. ఆ సంగతి కాస్త ముందుకు వెళ్లాక వస్తుంది.

దోషం వెతికే ముందు ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ ఎలా ఉంటుందో తెలియాలి. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులు. పూర్తిగా నిండి, కొన్ని గంటలు కదలకుండా ఉన్న బ్యాటరీ మీటరు మీద 12.6 వోల్టులు చూపుతుంది. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. 11.8 దగ్గర అది ఖాళీ అయినట్టే. పేరుకు 12 వోల్టుల బ్యాటరీ కదా అని సరిగ్గా 12 చూపితే సంతోషించేవాళ్లు ఉన్నారు. నిజానికి ఆ అంకె నాలుగింట మూడొంతులు అయిపోయిందని చెబుతోంది. మొత్తం ఆరోగ్యానికీ అనారోగ్యానికీ మధ్య తేడా ఒక్క వోల్టు కూడా లేదు. అందుకే ఇక్కడ కంటి అంచనా, చేతి అంచనా పనికిరావు. దశాంశ స్థానం చూపే ఒక మల్టీమీటరు కావాలి. అది ఖరీదైన పరికరమేమీ కాదు, ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది.

లోపల జరిగేది కూడా క్లుప్తంగా తెలుసుకోవాలి. బ్యాటరీ కరెంటు ఇస్తున్నప్పుడు పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది, ఆసిడ్ పలచనవుతుంది. తిరిగి ఛార్జ్ చేస్తే సల్ఫేట్ కరిగి ఆసిడ్ చిక్కబడుతుంది. అలా చేయకుండా దిగిపోయిన బ్యాటరీని వారాల తరబడి వదిలేస్తే ఆ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారిపోతుంది. అప్పుడు ఎంత ఛార్జ్ చేసినా పూర్తిగా కరగదు, నిల్వ సామర్థ్యం శాశ్వతంగా తగ్గుతుంది. అంటే ఛార్జింగ్ దోషాన్ని పట్టించుకోకుండా వదిలేసిన ప్రతి వారం బాగున్న బ్యాటరీని కూడా చెడగొడుతుంది. దీనికి ఎండ తోడవుతుంది. మే నెలలో రామగుండం, రెంటచింతల వంటి చోట్ల ఎండ 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి, బానెట్ కింద వేడి అంతకంటే ఎక్కువ. ఆ వేడికి బ్యాటరీలో నీరు త్వరగా తగ్గుతుంది, పలకల జాలీ త్వరగా తుప్పు పడుతుంది. ఎండాకాలం కొట్టిన దెబ్బ చాలాసార్లు వానాకాలంలోనో చలికాలంలోనో బయటపడుతుంది. అప్పుడు నేరం వాన మీదికో చలి మీదికో వెళ్తుంది.

పరీక్ష కంటితో మొదలవ్వాలి. బానెట్ ఎత్తగానే చూడాల్సింది టెర్మినల్స్. సీసపు స్తంభం మొదట్లో తెల్లగానో, పచ్చనీలంగానో చిలుము పట్టి ఉంటే అది ఎవరికైనా కనబడుతుంది. కనబడనిది ఇంకొకటి ఉంది. క్లాంపు పైకి శుభ్రంగా, బిగుతుగా ఉంటుంది. పట్టుకొని తిప్పితే మాత్రం వెంట్రుకవాసి కదులుతుంది. విప్పి చూస్తే క్లాంపు లోపలి గుండ్రటి ముఖం మీద బూడిదరంగు పొర, ఒకవైపు మాత్రమే తగులుతున్నట్టు చిన్న మెరుపు గీత. ఆ గీత గుండా గడియారానికీ లోపలి దీపానికీ సరిపడా కరెంటు పోతుంది. సెల్ఫ్ మోటారు చిన్న పెట్రోలు కారులో కూడా వంద, నూటయాభై ఆంపియర్లు అడుగుతుంది. అంత కరెంటు ఆ సన్నటి దారిలో పట్టదు. అందుకే దీపాలు బాగా వెలుగుతున్నా ఇంజన్ తిరగదు. వేడినీళ్లలో వంటసోడా కలిపి, సెల్స్‌లోకి చుక్క కూడా పోకుండా ఆ చిలుమును కడిగి, లోపలి ముఖాన్ని ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కాస్త వ్యాజలీన్ రాస్తే చాలు. కొన్ని బ్యాటరీలు పోయాయన్న తీర్పు ఈ పావుగంట పనితో రద్దయిపోతుంది.

తరువాత బెల్టు. ఇంజన్ ఆపి, తాళం తీసేసి చూడాలి. అంచులు పీలికలు కావడం, లోపలివైపు అడ్డంగా పగుళ్లు, అద్దంలా నున్నబడిన ముఖం ఇవి మూడూ చెడ్డ గుర్తులే. నున్నబడిన బెల్టు తిరుగుతున్నట్టే కనిపిస్తుంది. హెడ్‌లైట్లు, ఏసీ వేయగానే పుల్లీ మీద జారుతుంది. చల్లటి ఉదయం స్టార్ట్ చేయగానే కీచుమని అరిచి కాసేపటికి ఊరుకునే బెల్టు ఆ సంగతే చెబుతోంది. బెల్టు మార్చేటప్పుడు దాన్ని బిగించి ఉంచే టెన్షనర్‌నూ చూడాలి. స్ప్రింగు సడలి ఉంటే కొత్త బెల్టు కూడా జారుతుంది.

డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మతో ఉండే ఎర్ర దీపం మూడో సాక్షి. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకముందు అది వెలగాలి. ఇంజన్ అందుకోగానే ఆరాలి. నడుస్తుండగా వెలిగితే ఛార్జింగ్ సరిగా జరగడంలేదని అర్థం. మొదట వెలగకపోవడం అంతకంటే మోసకారి గుర్తు. చాలా పాత కార్లలో ఆల్టర్నేటర్‌ను మేల్కొలిపే తొలి కరెంటు ఆ దీపం గుండానే వెళ్తుంది. బల్బు మాడిపోయినా, ఆ సన్నటి వైరు తెగినా అయస్కాంతం పుట్టదు. అన్నీ బాగున్న ఆల్టర్నేటర్ ఊరికే తిరుగుతూ ఉంటుంది. ఎర్ర దీపం ఎప్పుడూ వెలగదు కాబట్టి యజమాని కూడా నిశ్చింతగా ఉంటాడు. ఇక ఇంజన్ నడుస్తుండగా దీపం మిణుకుమిణుకుమంటూ సన్నగా వెలుగుతుంటే డయోడ్ల మీదో, వైర్ల కలయికల మీదో అనుమానపడాలి.

ఇవన్నీ అయ్యాక మీటరు చేతిలోకి తీసుకోవాలి. మొదటి ప్రశ్న నిల్వ గురించి. బండి రాత్రంతా ఆగి ఉన్నాక ఉదయం తలుపు తీయకముందే కొలవగలిగితే మేలు. అప్పుడే ఆపిన బండిలో పలకల పైపైన మిగిలిన ఛార్జ్ అంకెను పెంచి చూపుతుంది. అలాంటప్పుడు హెడ్‌లైట్లు ఒకటి రెండు నిమిషాలు వేసి ఆర్పి, కాసేపు ఆగి కొలవాలి. 12.6 వస్తే నిల్వ నిండుగా ఉంది. 12.2 కంటే తక్కువ వస్తే దాన్ని ముందు బయటి ఛార్జర్‌తో పూర్తిగా నింపాలి. సగం ఖాళీగా ఉన్న బ్యాటరీ మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఎంత ఛార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిపోతే లెక్క స్పష్టం: ఆరు సెల్స్‌లో ఒకటి పోయింది. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే హైడ్రోమీటరుతో ఆరు సెల్స్‌నూ వేరువేరుగా చూడవచ్చు. ఐదింటిలో ఆసిడ్ చిక్కదనం ఒకేలా ఉండి, ఆరోది వాటికంటే 0.050 దాకా తగ్గితే ఆ సెల్ చెడినట్టు.

వోల్టేజీ బాగున్నంత మాత్రాన బలం ఉందనుకోకూడదు. నిండిన బ్యాటరీని ఖర్చులో పెట్టి చూడాలి. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా ఇంకొకరు మీటరు చూస్తే, అంకె పడిపోయి ఎక్కడో ఆగుతుంది. 9.6 వోల్టులకు పైన ఆగితే బ్యాటరీకి సత్తువ ఉన్నట్టు. అంతకంటే దిగితే వెంటనే బ్యాటరీని నిందించకుండా ఒక చిన్న పని చేయాలి. మీటరు ముల్లును మొదటిసారి క్లాంపు మీద కాకుండా సీసపు స్తంభం నడినెత్తిన పెట్టాలి. రెండోసారి క్లాంపు మీద పెట్టాలి. స్తంభం మీద 10.8 చూపి, క్లాంపు మీద 8.5 చూపితే మధ్యలో మాయమైన 2.3 వోల్టులు ఆ కలయిక తినేసినవే. బ్యాటరీ నిర్దోషి. ముల్లు ఒక అంగుళం జరపడంతో నేరస్థుడు మారిపోతాడు.

రెండో ప్రశ్న సంపాదన గురించి. ఇంజన్ స్టార్ట్ చేసి, అన్ని దీపాలూ ఆర్పి, ఆక్సిలరేటర్ కాస్త తొక్కి కొలిస్తే మామూలు కార్లలో బ్యాటరీ మీద 13.8 నుంచి 14.7 వోల్టుల మధ్య రావాలి. ఇప్పుడు హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు, వెనక అద్దం హీటరు అన్నీ వేయాలి. అంకె కొద్దిగా తగ్గినా 13 దాటి నిలబడాలి. అన్నీ ఆర్పి ఉన్నప్పుడు 14 చూపి, అన్నీ వేయగానే 12.5కి జారిపోయే ఆల్టర్నేటర్‌కు ఊపిరి ఉంది గాని బలం లేదు. రాత్రివేళ, వానలో, హైదరాబాదు ట్రాఫిక్‌లో నిలిచి నిలిచి కదిలే కారు పరిస్థితి ఇదే. హెడ్‌లైట్లకు పది ఆంపియర్లు, ఫ్యాన్లకు, బ్లోయరుకు అంతకు మించి, వైపర్లకు మరికొన్ని పోతుంటాయి. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటర్ తన పూర్తి శక్తిలో కొంత భాగమే ఇవ్వగలదు. సరిగా ఉన్న ఆల్టర్నేటర్ కూడా అప్పుడు కష్టం మీద నెట్టుకొస్తుంది. బలహీనపడినది బ్యాటరీ దగ్గర అప్పు చేస్తుంది.

సంపాదన తక్కువగా ఉందని తేలితే ఆల్టర్నేటర్‌ను విప్పే ముందు దారిని పరీక్షించాలి. పుట్టిన కరెంటు బ్యాటరీ దాకా చేరుతోందా అన్నది అసలు ప్రశ్న. ఇంజన్ నడుస్తూ, దీపాలు, బ్లోయరు వంటి లోడు అంతా వేసి ఉండగా మీటరు ఒక ముల్లును ఆల్టర్నేటర్ వెనక ఉన్న లావుపాటి వైరు బోల్టు మీద, రెండోదాన్ని బ్యాటరీ ప్లస్ స్తంభం మీద పెట్టాలి. మంచి దారిలో ఆ తేడా 0.2 వోల్టులకు మించదు. అలాగే ఆల్టర్నేటర్ ఒంటికీ బ్యాటరీ మైనస్ స్తంభానికీ మధ్య కూడా చూడాలి. ఎర్త్ వైరు వదులైనా, తుప్పు పట్టినా ఇక్కడ తెలిసిపోతుంది. ఈ పరీక్ష లోడు మీదే చేయాలన్నది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఒక లావుపాటి వైరులో పోగులన్నీ తెగిపోయి ఒకే పోగు మిగిలినా, బండి ఆపి ఓమ్ మీటరుతో చూస్తే అది నిరోధమేమీ లేదన్నట్టే చూపుతుంది. మీటరు పంపే కరెంటు అంత కొంచెం. 0.02 ఓమ్‌ల నిరోధం ఆ మీటరులో కనబడీ కనబడనట్టు ఉంటుంది. ఓమ్ సూత్రం ప్రకారం అదే 150 ఆంపియర్లు పోయేటప్పుడు 3 వోల్టులు మింగుతుంది. పని లేనప్పుడు అందరూ బాగానే కనబడతారు. పని పడ్డప్పుడే ఎవరి లోపం ఏమిటో తేలుతుంది.

దారి బాగుంటే అప్పుడు ఆల్టర్నేటర్ వంతు. దాన్లో ఎక్కువగా అరిగేవి కార్బన్ బ్రష్‌లు. అవి పొట్టిబడ్డాక ఛార్జింగ్ ఒకసారి వస్తుంది, ఒకసారి పోతుంది, గతుకుల రోడ్డు మీద ఎర్ర దీపం మిణుకుమంటుంది. బేరింగు పోతే గరగరమనే చప్పుడు వస్తుంది. ఆల్టర్నేటర్ లోపల పుట్టేది ఏసీ కరెంటు. దాన్ని డీసీగా మార్చేవి సాధారణంగా ఆరు డయోడ్లు. ఒకటి పోయినా మిగతావి పని చేస్తూనే ఉంటాయి గనుక డీసీ వోల్టేజీ దాదాపు మామూలుగానే కనిపించవచ్చు. మీటరును ఏసీ వోల్టులకు మార్చి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీదే కొలిస్తే గుట్టు బయటపడుతుంది. అర వోల్టు దాటి ఏసీ చూపితే డయోడ్ పోయిందన్న అనుమానం బలపడుతుంది. షార్ట్ అయిన డయోడ్ రెండు రకాలుగా నష్టం చేస్తుంది: పగలు సంపాదన తగ్గిస్తుంది, రాత్రి బండి ఆగి ఉన్నప్పుడు బ్యాటరీలోంచి కరెంటు వెనక్కి కారుస్తుంది.

ఎక్కువ సంపాదన కూడా జబ్బే. రెగ్యులేటర్ అదుపు తప్పితే వోల్టేజీ 15 దాటిపోతుంది. బ్యాటరీలో నీళ్లు మాటిమాటికీ తగ్గడం, గంధకపు ఘాటు వాసన, పక్కలు ఉబ్బిన బ్యాటరీ, హెడ్‌లైట్ బల్బులు తరచూ మాడిపోవడం దీని గుర్తులు. ఇక్కడ మనుషులు బల్బుల కంపెనీని తిడతారు, బ్యాటరీ కంపెనీని తిడతారు. నెలనెలా డిస్టిల్డ్ వాటర్ పోస్తూ బండిని బాగా చూసుకుంటున్నామనుకుంటారు. పోసిన నీళ్లు ఎందుకు ఆవిరైపోతున్నాయో ఒక్కసారి మీటరు పెట్టి చూస్తే ఆ శ్రమంతా తప్పేది.

మూడో ప్రశ్న గుట్టుగా సాగే ఖర్చు. బ్యాటరీ బాగుంది, ఛార్జింగ్ బాగుంది, అయినా రెండు రోజులు ఆగితే బండి లేవదు. తాళం తీసేశాక కూడా గడియారం, అలారం, కంప్యూటర్ జ్ఞాపకాలు కాస్త కరెంటు తీసుకుంటాయి. అది 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే సహజమే. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు చొప్పున, 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సగానికి దిగడానికి రెండున్నర వారాలకు పైగా పడుతుంది. డిక్కీలో ఆరకుండా మిగిలిపోయిన 5 వాట్ల దీపం అలా కాదు. అది ఒక్క రాత్రి పన్నెండు గంటల్లో 5 ఆంపియర్ అవర్లు తింటుంది. దీనితో పోల్చితే సెల్ఫ్ కొట్టడం చాలా చవక: 150 ఆంపియర్లు రెండు సెకన్లపాటు లాగినా అయ్యే ఖర్చు 0.08 ఆంపియర్ అవర్లకు కాస్త పైన. అంటే ఎవరూ చూడని ఆ చిన్న దీపం ఒక రాత్రిలో ఇంచుమించు అరవై సార్లు సెల్ఫ్ కొట్టినంత ఖర్చు చేస్తుంది. పెద్ద చప్పుడు చేసే ఖర్చు కంటే నిశ్శబ్దంగా, ఆగకుండా సాగే ఖర్చే కొంప ముంచుతుంది.

దీన్ని పట్టుకునే పద్ధతి ఓపికతో కూడినది. అన్నీ ఆర్పి, బానెట్ తెరిచే ఉంచి, తలుపులన్నీ మూసి, బ్యాటరీ మైనస్ వైరుకూ స్తంభానికీ మధ్య ఆంపియర్ మీటరు కలపాలి. అలా కలిపి ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు. మీటరు ఫ్యూజు పోతుంది. కొత్త కార్లలో కంప్యూటర్లన్నీ నిద్రలోకి జారడానికి అరగంట, కొన్నిటిలో గంట కూడా పడుతుంది. అంతదాకా కనిపించే ఆంపియర్లను చూసి కంగారు పడకూడదు. అన్నీ పడుకున్నాక కూడా అంకె దిగకపోతే ఒక్కొక్క ఫ్యూజు తీస్తూ పోవాలి. ఏ ఫ్యూజు తీయగానే అంకె పడిపోయిందో దొంగ ఆ దారిలో ఉన్నాడు. తరచుగా దొరికేవి తరువాత బిగించినవే: డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, తాళంతో సంబంధం లేకుండా నేరుగా కలిపిన మ్యూజిక్ సిస్టమ్. ఫ్యూజులన్నీ తీసినా అంకె తగ్గకపోతే ఆల్టర్నేటర్ డయోడ్లను చూడాలి.

దోషమే లేకుండా బ్యాటరీ దిగిపోయే సందర్భమూ ఉంది. 2020 లాక్‌డౌన్‌లో వారాల తరబడి కదలని కార్లకు జరిగింది అదే. పిల్లలు విదేశాల నుంచి వచ్చినప్పుడే బయటికి తీసే ఇంటి కార్లకు ఇప్పటికీ జరుగుతోంది అదే. వారానికోసారి ఐదు నిమిషాలు ఇంజన్ స్టార్ట్ చేసి ఆపేయడం దీనికి మందు కాదు. అరగంట రోడ్డు మీద తిప్పాలి. నెలల తరబడి కదలదని తెలిస్తే ముందే బ్యాటరీని పూర్తిగా నింపి మైనస్ వైరు విప్పి ఉంచాలి.

ఇక డైనమో కాలం నాటి పరీక్ష సంగతి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూడటం పాత అలవాటు. ఇంజన్ ఆగకపోతే ఛార్జింగ్ బాగున్నట్టు లెక్క. నేటి కార్లలో ఇది చాలా ప్రమాదం. ఆల్టర్నేటర్ గట్టిగా కరెంటు ఇస్తున్న క్షణంలో బ్యాటరీని తప్పిస్తే, తీసుకునే దిక్కులేక వోల్టేజీ ఒక్కసారిగా పదుల వోల్టులకు ఎగుస్తుంది. ఆ ఒక్క దెబ్బకు డయోడ్లు, రెగ్యులేటర్, ఇంజన్ కంప్యూటర్ పోవచ్చు. చిన్న అనుమానం తీర్చుకోవడానికి పెద్ద నష్టం తెచ్చుకోవడం ఇది. ఎవరైనా మెకానిక్ ఆ పనికి పూనుకుంటే మర్యాదగానే అడ్డుచెప్పాలి.

కొత్త కార్లు ఇంకొక జాగ్రత్త కూడా నేర్పుతున్నాయి. చాలా మోడళ్లలో ఆల్టర్నేటర్ వోల్టేజీని ఇంజన్ కంప్యూటరే నిర్ణయిస్తుంది. ఇంధనం ఆదా కోసం బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఛార్జింగ్ తగ్గించి, బ్రేకు వేసినప్పుడు పెంచుతుంది. అలాంటి కారులో ఇంజన్ నడుస్తుండగా 12.8 కనిపించినంత మాత్రాన ఆల్టర్నేటర్ చెడిందనుకోకూడదు. లోడు వేసి, కాసేపు గమనించి, స్కానర్‌తో కంప్యూటర్ ఎంత అడుగుతోందో చూసి, అప్పుడు మాట్లాడాలి. మైనస్ టెర్మినల్ దగ్గర బ్యాటరీ సెన్సర్ ఉన్న కార్లలో, మరో బండి బ్యాటరీ సాయంతో స్టార్ట్ చేసేటప్పుడు, జంపర్ కేబుల్‌ను నేరుగా ఆ స్తంభానికి కాకుండా ఇంజన్ లోహానికి కలపాలి. సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తానే ఆగే కార్లకు ఆ పనికి తగిన బ్యాటరీనే వేయాలి. చవకని మామూలుది వేస్తే త్వరగా చస్తుంది. విద్యుత్ కార్లలో ఆల్టర్నేటర్ లేకపోయినా చాలావాటిలో 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. దాన్ని పెద్ద బ్యాటరీ ఒక కన్వర్టర్ ద్వారా నింపుతుంది. ఆ చిన్నది దిగిపోతే పెద్దదాంట్లో ఎంత ఛార్జ్ ఉన్నా బండి మేల్కోదు.

ఏ పరీక్షకైనా ముందు ప్రాణం చూసుకోవాలి. ఛార్జ్ అవుతున్న బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది. ఒక్క నిప్పురవ్వ చాలు పేలడానికి. దగ్గర్లో బీడీ, సిగరెట్ ఉండకూడదు. కళ్లకు అద్దాలు ఉండాలి, చేతికి ఉంగరం, కడియం ఉండకూడదు. వైర్లు విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర.

చివరగా, దోషాలు జంటగా వస్తాయన్న సంగతి మరవకూడదు. చచ్చిన బ్యాటరీని నింపబోయి ఆల్టర్నేటర్ గంటల తరబడి పూర్తి శక్తితో తిరిగి మాడిపోవచ్చు. బలహీనపడిన ఆల్టర్నేటర్ మంచి బ్యాటరీని ఆకలితో చంపవచ్చు. ఒకటి మార్చి రెండోదాన్ని చూడకపోతే కొత్తది కూడా పాతదాని దారే పడుతుంది. అందుకే నిల్వ, సంపాదన, దారి, గుట్టుఖర్చు అనే నాలుగూ ప్రతిసారీ చూడాలి. మీటరు చేతిలో ఉన్నవాడికి బ్యాటరీ ఛార్జ్ అయ్యే సమయం, కారు నిద్రపోయే సమయం తీసేస్తే ఈ పరీక్షలకు గంట చాలు. ఆ గంట మిగుల్చుకోవాలని పారేసిన బ్యాటరీలో సీసం, ఆసిడ్ ఉంటాయి. ఎక్కడపడితే అక్కడ పగలగొట్టి కరిగిస్తే నేలకూ నీటికీ పసిపిల్లల ఆరోగ్యానికీ చేటు. పాత బ్యాటరీల సేకరణ, పునర్వినియోగం బాధ్యతను తయారీదారుల మీద పెడుతూ 2022లో దేశంలో నిబంధనలు వచ్చాయి. అనవసరంగా పారేయకుండా చూసుకోవడం మాత్రం కారు యజమాని చేతిలోనే ఉంది.

కాబట్టి బ్యాటరీ మార్చాలని ఎవరైనా అన్నప్పుడు మూడు అంకెలు అడగండి: ఆగి ఉన్నప్పుడు ఎంత, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎంత, ఇంజన్ నడుస్తూ లోడు మీద ఎంత. అంకెలు చెప్పగలిగిన మెకానిక్‌కు డబ్బు సంతోషంగా ఇవ్వండి. చెప్పలేకపోతే కొత్త బ్యాటరీ కొనే ముందు ఇంకొకరికి చూపించండి.